కార్ల్స్‌రూహె గోంగూరకు మూలపురుషుడు

పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉండి తీరాలి. లేని ఇళ్లకి ప్రభుత్వమే ఒకరిని సప్లయ్ చెయ్యాలి! పడగ్గదిలో పొగ వస్తే కూసే డబ్బా బిగించుకోకపోతే ఒప్పుకోని జర్మనీకి ఇదొక లెక్కా?

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ముప్పై అయిదేళ్ల స్వానుభవంతో అంటున్నాను. ఈ కాలమ్ రాసే నన్ను మీరంతా శ్రీమతి ఆంజనేయప్రసాద్‌గా ఎరుగుదురు. ఆ ఆంజనేయప్రసాద్ గారే మా ఆయన. కార్ల్స్‌రూహెలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు మాత్రమే చెప్పేవారు. ఇప్పుడు పొద్దున్నే పళ్లు తోముకుంటూ మొదలుపెడుతున్నారు.

ఏం చెబుతారంటారా? ముఖ్యంగా అమెరికా సంగతులు. ఆయన కాలేజీ క్లాసులో నలభైమంది ఉంటే ముప్పై ఎనిమిదిమంది అమెరికా వెళ్లారు. ఒకాయన గుంటూరులోనే ఉండిపోయారు. ఈయన జర్మనీ వచ్చారు. అమెరికా నేల మీద ఇంతవరకూ కాలు పెట్టింది లేదు. కానీ అక్కడ ఏ ఊరికి ఏ ముద్దుపేరు ఎలా వచ్చిందో, ఏ తిండికి ఆ పేరు ఎవరు పెట్టారో, కుర్రాళ్లు వాడే ఏ మాట ఏ సంవత్సరంలో పుట్టిందో, ఆ ముప్పై ఎనిమిదిమందీ ఈయనకి ఫోన్ చేసి తెలుసుకోవలసిందే. వాళ్లు చెయ్యరు. అందుకని ఈయనే చేస్తారు.

వినేవాళ్లకి విసుగొస్తుందని మీరు అనొచ్చు. లాభాలు తెలియక అంటున్నారు.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. చంద్రిక అని, కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్న అమ్మాయి, నెలకో ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తుంది. ఒకసారి కంచం ముందు కూర్చుని ఫోన్లో ఎవరితోనో "డ్యూడ్" అంది. అంతే! ఆ మాట న్యూయార్కులో షోకిలారాయుళ్లని వెక్కిరించడానికి పుట్టిందనీ, తర్వాత పశువులు కాసే కౌబాయ్‌లు పట్నం నుంచి వచ్చినవాళ్లని అలా అనేవారనీ, అక్కడి నుంచి సముద్రతీరానికి ఎలా చేరిందో మాత్రం తొందరపడి చెప్పకూడదనీ మా ఆయన మొదలుపెట్టారు. తొందరపడలేదు కూడా.

"అంకుల్, గిది మస్తుందిగని, అన్నం సల్లగైతుంది" అంది ఆ పిల్ల.

అయిందా? మా ఇంట్లో ఇంతవరకూ ఒక్కరికైనా నాలిక కాలిందా? కాలలేదు. వేడివేడి అన్నం మీద అందరూ ఎగబడే ఇళ్లలో ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమనండి చూద్దాం!

ఇక జాతి గౌరవం. ఆదివారం పొద్దున్న బేకరీకి వెళతాం. మా ఆయన జామ్ పెట్టిన బన్ను చూపించి "బెర్లీనర్ ఒకటి" అంటారు. అని ఊరుకోకుండా, బెర్లిన్‌లో మాత్రం దీన్ని బెర్లీనర్ అనరు తెలుసా అని కౌంటర్లో అమ్మాయిని అడుగుతారు. ఆ అమ్మాయికి తెలుసు. ఆ అమ్మాయిది బెర్లినే. అయినా ఈయన చెప్పారు, ఆమె విన్నది, వెనక క్యూలో పదకొండుమంది విన్నారు. ఆదివారం పూట ఆకలి మీదున్న జర్మన్లు పదకొండుమందిని ఒక తెలుగువాడు కదలనివ్వకుండా నిలబెట్టాడంటే మనందరికీ గర్వకారణం కాదూ?

రక్షణ కూడా ఉంది. ఒకరోజు ట్రామ్‌లో టికెట్ చెకింగ్ వాళ్లు ఎక్కారు. మా టికెట్ నా హ్యాండ్‌బ్యాగులో అడుగున ఎక్కడో ఉంది. నేను వెతుకుతున్నంతసేపూ మా ఆయన చెకింగ్ ఆయనకి షికాగోని విండీ సిటీ అని ఎందుకంటారో చెప్పారు. గాలి వల్లనే అని కొందరంటారట. నాయకుల గాలి కబుర్ల వల్ల అని ఇంకొందరంటారట. పోటీ ఊరి పేపర్లవాళ్లు ఎగతాళి చేసి పెట్టారని మరికొందరంటారట. ఒక్కో వాదానికి ఒక్కో స్టాపు పట్టింది. మూడో స్టాపులో ఆ చెకింగ్ ఆయన టికెట్ చూడకుండానే దిగిపోయాడు. ఆయన దిగవలసిన స్టాపు అది కాదని నా అనుమానం.

ఇంకా చెప్పమంటారా? ఇన్సూరెన్సులు అమ్మేవాళ్లు మా బిల్డింగుకి వస్తే మా బెల్ తప్ప అన్నీ నొక్కుతారు. కళ్ల డాక్టర్ టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, ఊళ్లో అందరూ నాలుగు నెలలు ఆగుతుంటే, మా ఆయన వెళ్లి కౌంటర్ దగ్గర కబుర్లు మొదలుపెడితే అరగంటలో పని ముగించి పంపేస్తారు. ఇవన్నీ ఎవరిచ్చిన వరాలు?

ఇన్నేళ్లు విని విని నాకు కూడా ఆ శాస్త్రం కొంత పట్టుబడింది. మూలకథ అనేది ఎలా ఉండాలో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కథలో ఒక సంవత్సరం ఉండాలి. ఒక ఆకలి ఉండాలి. అనుకోకుండా ఏదో జరగాలి. ఇవన్నీ జరగడానికి ఒక మగాయన ఉండాలి. నలుగురికీ తెలిసిన పెద్దమనిషి అయితే మరీ మంచిది.

బఫెలో వింగ్స్ అని కోడి రెక్కల వంటకం ఒకటుంది. అమెరికాలో బఫెలో అనే ఊళ్లో, ఒక బార్‌లో పుట్టిందట. మా ఆయన చెప్పే కథలో ఆ బార్ వాళ్లబ్బాయి ఉంటాడు, వాడి స్నేహితులుంటారు, వాళ్ల ఆకలి ఉంటుంది.

"మరి వండిందెవరండీ?" అని ఒకసారి అడిగాను.

"ఎవరేమిటి, వాళ్లమ్మే" అన్నారు, అదొక ప్రశ్నా అన్నట్టు. పేరు మాత్రం ఊరికి వచ్చింది. ఊరు ఆ రోజు వంటింట్లో ఎంత కష్టపడిందో మరి!

ఆలూ చిప్స్ కథ అయితే మీరూ వినే ఉంటారు. ముక్కలు లావుగా ఉన్నాయని కస్టమరు తిప్పి పంపడం, హోటల్ వంటవాడికి ఒళ్లు మండి కాగితంలా కోసి వేయించడం, అవి అందరికీ నచ్చెయ్యడం. ఆ వంటవాడి తోబుట్టువు కూడా అదే వంటింట్లో పనిచేసేదనీ, మొదటి ముక్క నూనెలో పడింది ఆవిడ చేతిలోంచేననీ ఇంకో కథ ఉందట. ఎక్కడో చదివి నేనే ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కావచ్చు. కానీ అలా చెబితే కథ పాడైపోతుంది" అన్నారు. కథ పాడవడం నాకు కూడా ఇష్టం లేదు.

న్యూయార్క్‌ని బిగ్ యాపిల్ అనడం గుర్రప్పందేల విలేకరి ఒకాయన రాతలతో వ్యాపించిందట. ఆ మాట తనది కాదనీ, గుర్రాలశాల పనివాళ్లు అనుకుంటుంటే విన్నాననీ ఆయనే రాసుకున్నాడట. ఆ పనివాళ్ల పేర్లేమిటని అడిగితే, "అవెవరిక్కావాలి?" అన్నారు మా ఆయన. నిజమే. ఎవరిక్కావాలి?

ఇక అసలు విషయానికి వస్తాను.

మా పేటలో కమ్యూనిటీ సెంటర్ వాళ్లు ఒక వంటల పుస్తకం వేస్తున్నారు. ఈ పేటలో ఉన్న రకరకాల దేశాలవాళ్ల వంటలు, ఒక్కోదానికి అరపేజీ. వంటకం పేరు, అది ఎలా పుట్టింది, ఎలా చెయ్యాలి, పంపినవారెవరు. ఎనిమిది వందల కాపీలు. అందులో తెలుగువాళ్ల తరఫున వెళ్లింది కార్ల్స్‌రూహె గోంగూర.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ వసంతకాలంలో రబార్బర్ అని ఒక మొక్క వస్తుంది. లావాటి ఎర్ర కాడలు, పళ్లు జివ్వుమనేంత పులుపు. జర్మన్లు దాంతో కేకు చేస్తారు. మేము పచ్చడి చేస్తాం. ఎండుమిర్చి, మెంతులు, ధనియాలు, వెల్లుల్లి, పైన ఇంగువ పోపు. కళ్లు మూసుకుని తింటే గోంగూరే. ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్లన్నిటికీ పాకింది. కార్ల్స్‌రూహె గోంగూర అన్న పేరు స్టూడెంట్లు పెట్టారు. దాన్ని ముప్పై నాలుగేళ్లుగా మా ఇంట్లో చేస్తున్నది నేను.

పుస్తకంలో నా పేరు ఉండాలన్న పట్టింపు నాకేం లేదు. పుస్తకం వస్తోందని తెలిసిన రోజున లైప్‌జిగ్‌లో ఉన్న మా అమ్మాయి లీలకీ, కింద ఫ్లాట్ ఆవిడకీ, టర్కిష్ కూరగాయల కొట్టాయనకీ చెప్పిన మాట నిజమే. నా పేరు జర్మన్ నోటికి ఎలా పలుకుతుందోనని అద్దం ముందు నాలుగుసార్లు అనుకున్న మాట కూడా నిజమే. చీర కట్టుకుని ఫోటో దిగాలా, పుస్తకంలో ఫోటో వేస్తారా అని ఆరా తీశాను. వెయ్యరట. అయినా ఏం పట్టింపు లేదు.

ఫార్ములార్లు, అదే ఇక్కడి ఫారాలు, నింపడం మా ఇంట్లో మా ఆయన డిపార్ట్‌మెంట్. కాబట్టి ఇది కూడా ఆయనే తీసుకున్నారు. మూడు రోజులు తలుపేసుకుని రాశారు. నాలుగో రోజు ఆదివారం. భోజనానికి చంద్రికనీ, డాక్టర్ వెంకటరామారావు గారినీ పిలిచారు.

డాక్టర్ గారంటే ఈ ఊళ్లో మాకందరికీ పెద్దదిక్కు. అరవై ఎనిమిదిలో వచ్చారు. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఇప్పటికీ కోటు లేకుండా గడప దాటరు. అలాంటి ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నారో లేదో, మా ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు.

"వెయ్యిన్నీ తొమ్మిది వందల అరవై తొమ్మిది, మే నెల. ఆసుపత్రిలో డ్యూటీ దిగి సంత మీదుగా నడిచి వెళుతున్నాడు ఒక యువ తెలుగు వైద్యుడు. కడుపులో ఆకలి, మనసులో కృష్ణాతీరం. ఇంతలో ఒక బుట్టలో ఎర్రని కాడలు కనిపించాయి..."

డాక్టర్ గారు నమలడం ఆపారు. "ఎవరయ్యా ఆ వైద్యుడు?"

"మీరే సార్!"

"నేనా? నాకు కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు కదయ్యా!"

"మీరు మర్చిపోయి ఉంటారు సార్. మూలపురుషులకి తాము మూలపురుషులమని తెలియదు. అమెరికాలో కూడా అంతే."

డాక్టర్ గారు మర్యాదస్థులు. ఎదుటివాడి మాట కాదనలేరు. నేను పచ్చడి మారు వడ్డించేసరికి, "సంతలో ఎర్రగా ఏవో చూసినట్టే ఉందయ్యా" అన్నారు. పప్పు వేసేసరికి ఆ బుట్ట అమ్మే ముసలాయన టోపీ గుర్తొచ్చింది. మజ్జిగ పోసేసరికి ఆ రోజు వాన కూడా పడింది!

చంద్రిక నావైపు చూసింది. "ఆంటీ, మరి చేసేది మీరు గదా?"

"నేను వండుతానమ్మా. కనిపెట్టడం వేరు" అన్నాను. "పెరుగు వెయ్యనా?"

చూశారా, ఎంత సౌకర్యమో! కనిపెట్టే బాధ్యత డాక్టర్ గారిది. పంపినవారి గడిలో ఆంజనేయప్రసాద్ అని ఉంది, కాబట్టి పంపే బాధ్యత మా ఆయనది. నాకు మిగిలింది ఒక బాండీ, ఒక గరిటె. ఎలా చెయ్యాలో రాసే గడి కూడా ఆయనే నింపేశారు, నన్ను శ్రమపెట్టకుండా. నేను గిన్నెలు సర్దుతుండగానే ఈమెయిల్ వెళ్లిపోయింది.

ఒక కాపీ లీలకి కూడా పంపారు. అది సాయంత్రం ఫోన్ చేసింది. దానికి తెలుగు వచ్చు. కానీ కోపం మాత్రం జర్మన్‌లో వస్తుంది.

"మామా, ఉంట్ డూ?" అంది. అమ్మా, మరి నువ్వు, అని.

"నేనేమిటే?"

"ఇందులో నువ్వెక్కడున్నావ్? నాన్న ఉన్నారు, డాక్టర్ అంకుల్ ఉన్నారు, రివర్ కృష్ణా ఉంది. నువ్వు లేవు!"

"ఎందుకు లేను? శ్రీమతి ఆంజనేయప్రసాద్‌ని కదా. ఆ పేరులో సగం అందులో ఉంది" అన్నాను.

అది ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రి అంట్లు రెండుసార్లు తోమాను, ఎందుకో గుర్తులేదు.

గురువారం మధ్యాహ్నం పుస్తకం ఎడిటర్ ఫ్రావ్ కెస్లర్, అంటే మన లెక్కలో శ్రీమతి కెస్లర్, ఫోన్ చేసింది. శుక్రవారం పన్నెండింటికి పుస్తకం ప్రెస్‌కి వెళుతుంది. మా ఆయన ఎప్పటిలాగే స్పీకర్ పెట్టారు. కథ చాలా బాగుందని ఆమె మెచ్చుకుంది. ఈయన నాకు వినబడిందా లేదా అని తలతిప్పి చూసుకున్నారు. ఒక్క చిన్న సందేహం అంది ఆమె. తయారుచేసే పద్ధతిలో 'కాడలు తీసి పారేసి, ఆకులు నూనెలో వేయించాలి' అని ఉంది, ఇది నిజమేనా?

"నిస్సందేహంగా!" అన్నారు మా ఆయన.

 ఫ్రావ్ కెస్లర్ చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. రబార్బర్ ఆకులు విషం. ఎవరూ తినరు. ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు.

మా ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డుపెట్టి నావైపు తిరిగారు. "ఆకులేగా మనం తినేది? గోంగూర కదా!"

"ముప్పై నాలుగేళ్లుగా మీరు తింటున్నది కాడలండీ."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"కథ పాడైపోతుందేమోనని."

పాపం, ఆయన ముఖం చూడలేకపోయాను. మంచి సలహా ఒకటి ఇచ్చాను. "కనిపెట్టినాయన ఉన్నారు కదా, ఆయన్నే అడగండి" అన్నాను. ఫ్రావ్ కెస్లర్‌ని లైన్లో ఆగమని, నా ఫోన్లోంచి డాక్టర్ గారికి చేశారు. రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు.

"రబార్బర్ ఆకులా?" డాక్టర్ గారి గొంతు ఆసుపత్రిలో రౌండ్స్‌కి వెళ్లినప్పటిలా మోగింది. "బుద్ధుందా? అందులో ఆక్సాలిక్ యాసిడ్ ఉంటుంది. కిడ్నీలు పోతాయ్! ఎవడయ్యా కనిపెట్టింది ఈ వంట?"

"మీరే సార్..."

"నాకేం సంబంధం లేదు! నా పేరు తీసెయ్. అసలు అరవై తొమ్మిదిలో నేను తిన్నది ఆసుపత్రి క్యాంటీన్లో. సంతకి ఎప్పుడెళ్లానయ్యా నేను?"

వానా, టోపీ, బుట్టా అన్నీ ఒక్క నిమిషంలో ఎగిరిపోయాయి. ఇంత తొందరగా తప్పుకున్న మూలపురుషుణ్ని నేనెక్కడా చూడలేదు. రెండో ఫోన్లోంచి ఫ్రావ్ కెస్లర్ అడుగుతోంది. మీ ఇంట్లో దీన్ని చేసేదెవరు, ఆవిడతో మాట్లాడొచ్చా అని.

మా ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. ముప్పై అయిదేళ్లలో ఒక కథ మధ్యలో ఆయన ఆపడం, నేను అందుకోవడం అదే మొదలు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నాకు వచ్చిన జర్మన్‌లో చెప్పాను. తొంభై ఒకటి. నాకు మూడో నెల, లీల కడుపులో ఉంది. వేవిళ్లు. మంచినీళ్లు తాగినా కక్కేసేదాన్ని. గోంగూర తినాలని ఒకటే కోరిక. ఇక్కడ గోంగూర పేరు ఎవరికి తెలుసు? అప్పుడు ఈ ఊరి శివారు డుర్లాఖ్ పేటలో అద్దెకుండేవాళ్లం. వెనక పక్కింటావిడ తోట. అందులో ఎర్ర కాడ, పచ్చ ఆకు. దేవుడు ఎర్ర గోంగూరకి కాస్త పెద్ద ఆకులిచ్చి నా కోసం ఇక్కడ మొలిపించాడనుకున్నాను. ఆవిడని చేత్తో సైగ చేసి అడిగాను. కోసుకోమని తలూపింది.

గోంగూర ఎలా తుంచుతామో అలాగే తుంచాను. ఆకులన్నీ ఒడిలో వేసుకుని, కాడలు అక్కడే పారేసి ఇంట్లోకొచ్చాను. కడిగి, నూనె కాగుతుండగా దోసిలి నిండా తీశాను. ఇంతలో పెరటి తలుపు ధడేలుమంది. ఆవిడ! పారేసిన కాడలు చూసి పరుగెత్తుకొచ్చినట్టుంది. చేతులకి మట్టి తొడుగులు, ఆయాసం, ఒకటే కేకలు. ఒక్క ముక్క అర్థం కాలేదు. దొంగతనం అంటగడుతోందనుకుని ఏడుపు వచ్చేసింది. ఆవిడ నా చేతిలో ఆకులు లాగి చెత్తబుట్టలో పడేసింది. స్టవ్ ఆర్పింది. నా నోరు తెరిపించి లోపల చూసింది, తిన్నానేమోనని. తర్వాత పొట్ట మీదున్న నా చెయ్యి చూసి, నన్ను గట్టిగా వాటేసుకుని తనూ ఏడ్చింది.

తోటలోకెళ్లి ఒక కాడ తెచ్చి, తోలు ఒలిచి, పంచదారలో అద్ది నా చేతిలో పెట్టింది. కొరికాను. ఆ పులుపుకి ప్రాణం లేచొచ్చింది! పంచదార కడిగేసి మిగతా కాడకి ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను. నెల రోజుల్లో కక్కకుండా లోపల నిలిచింది అదొక్కటే. మర్నాడు పొద్దున్న పచ్చడి చేశాను. అదీ సంగతి.

మా ఆయన నా ఎదురుగా నిలబడి వింటున్నారు. మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. "ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే?" అని మాత్రం అన్నారు చివర్లో. ఎందుకు చెప్పలేదు? ఆ సాయంత్రమే చెప్పాను. పక్కింటావిడ ఆకులు లాగేసిందండీ అంటుండగానే, హ్యాంబర్గర్‌కీ హాంబుర్గ్ ఊరికీ ఉన్న సంబంధం మొదలుపెట్టారు. అప్పుడు కొత్తగా పెళ్లయిన రోజులు. నేను కూడా శ్రద్ధగా విన్నాను.

ఫ్రావ్ కెస్లర్ పాత కథ తీసేస్తానంది. కొత్తది అరపేజీలో సరిపడేలా తనే కుదించి రాస్తానంది. నా పేరు అడిగింది.

"కనకలత" అన్నాను. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాను. అబద్ధమెందుకు, ఆనాడు అద్దం ముందు పలికిన దానికన్నా బాగా పలికాను.  ఆమె తిరిగి చదివి వినిపించింది. ఒక్క తప్పు లేదు.

"ఆ పక్కింటావిడ పేరు కూడా వేద్దాం. ఇద్దరి పేర్లూ ఉండటం న్యాయం" అంది ఫ్రావ్ కెస్లర్.

"తప్పకుండా వెయ్యాలి! ఫ్రావ్ రేష్."

"ఇంటిపేరు సరే. ఆవిడ పేరు?"

నోరు తెరిచాను. ఆ పేరు నాకు తెలియదు.

పదకొండేళ్లు మా ఇళ్ల మధ్య ఉన్నది నడుమెత్తు కంచె. ఆవిడ లీలకి స్వెటర్లు అల్లింది. నాకు జ్వరమొస్తే సూప్ కాచి తెచ్చింది. ప్రతి ఏప్రిల్‌లోనూ కాడలు కోసి, ఆకులు తనే తుంచేసి, దారంతో కట్ట కట్టి మా గుమ్మంలో పెట్టేది. ఈ ఊరి పద్ధతిలో ఆవిడ నాకు ఫ్రావ్ రేష్, నేను ఆవిడకి ఫ్రావ్ ప్రసాద్. తలుపు మీదా అంతే, పోస్టు డబ్బా మీదా అంతే. మేము ఇల్లు మారిన మూడేళ్లకి ఆవిడ పోయారని ఎవరో చెబితే విన్నాను. అప్పుడు కూడా పేరు అడగలేదు.

మా ఆయన వైపు చూశాను. "ఏమండీ, ఫ్రావ్ రేష్ పేరేమిటండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "తెలీదు లతా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

గొంతు తగ్గించి, "హిల్డెగార్డ్ అని చెప్పెయ్. ఆ వయసు వాళ్లలో ఆ పేరు చాలామందికి ఉండేది. కథకి నిండుగా ఉంటుంది" అన్నారు.

పాఠకులారా! హిల్డెగార్డ్ రేష్. నిజంగానే ఎంత నిండుగా ఉందో! ఎవరు కాదంటారు? ఎవరికి తెలుసు? ఒక్క క్షణం చెప్పేద్దామనే అనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో నాకు నా మీదే అసహ్యం వేసింది.

"ఆవిడ పేరు రాసే చోటు ఖాళీగా వదిలెయ్యండి" అన్నాను ఫ్రావ్ కెస్లర్‌తో.

అలా వదిలేస్తే చదివేవాళ్లు అచ్చుతప్పు అనుకుంటారంది ఆమె.

"తప్పే. కాకపోతే ప్రెస్ వాళ్లది కాదు, నాది" అన్నాను.